నిలిచిన ట్యాంకు

భిలాయిలో ఒక బావ, విశాఖపట్నంలో ఒక బావమరిది. బావది ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం. బావమరిది ఫిషింగ్ హార్బర్‌లో మరబోటు మీద సరంగు.

బావ తండ్రి కర్మాగారం కట్టే రోజుల్లో శ్రీకాకుళం జిల్లా నుంచి వలస వచ్చాడు. రష్యన్ల సాయంతో కట్టిన ఆ కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారని ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పేవాడు. కొడుకూ అక్కడే చేరి, కంప్రెసర్ల దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. ఆ తర్వాత కాలనీలోని తెలుగువాళ్ల కళ్యాణ మండపం కమిటీ జనరేటరు బాధ్యత ఆయనకు అప్పగించింది. ఏడాదికి నాలుగైదు పెళ్లిళ్లకు తప్ప దానికి పని ఉండేది కాదు. పక్కనే ఇనుప స్టాండు మీద డీజిల్ ట్యాంకు. సగం నిండి ఉన్న ఆ ట్యాంకుకు ఆయన ఏటా దసరాకు రంగు వేయించేవాడు, బొట్టు పెట్టేవాడు.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లకు వేట నిషేధం. ఆ సెలవుల్లో బావమరిది అక్కను చూడ్డానికి భిలాయి వచ్చాడు. సాయంత్రం ఇద్దరూ నడుచుకుంటూ మండపానికి వెళ్లారు. బావ గర్వంగా జనరేటరు చూపించాడు. బావమరిది జనరేటరు కన్నా ముందు ట్యాంకు కిందికి వంగాడు. అడుగున డ్రెయిన్ వాల్వు ఉంది. దాని పిడి మీదా, మరల మీదా రంగు పొరలు పొరలుగా పేరుకుని ఉంది. ఎక్కడా చిట్లలేదు.

"ఏటి బావా, దీన్ని ఎప్పుడూ తిప్పలేదా?"

"ఎందుకు తిప్పాలి? ఉన్న డీజిల్ నేలపాలు చేయడానికా?"

"అడుగున నీళ్లుంటాయి బావా. నీళ్లుంటే పాచి పడతాది. బోటు కట్టేసే ముందు మేం ముందు చేసే పని అదే."

బావ నవ్వాడు. "మీది సముద్రం అబ్బీ, ఉప్పుగాలి. ఇది ఉక్కు చేసే ఊరు. మాకు సముద్రం ఎక్కడుంది?"

"నీళ్లు సముద్రం నుంచే రావాలేటి? సగం ఖాళీ ట్యాంకులో గాలి ఉంటాది. వానాకాలం రాత్రి రేకు సల్లబడితే ఆ గాలిలో తేమ లోపల సెమ్మగా పట్టి అడుక్కి జారిపోద్ది. మూత వాషరు సూడు, బీటలిచ్చింది. పైన పడ్డ వాన ఎక్కడికి పోతాది?"

పెద్దవాడితో వాదించడం ఇష్టంలేక అతను అక్కడితో ఆపేశాడు.

మే నెలలో ఓ పెళ్లి. పగలంతా ఎండ మాడ్చి, సాయంత్రం గాలివాన లేచింది. కరెంటు పోయే సూచనలు కనిపించగానే కమిటీ కుర్రాళ్లు రెండు క్యాన్ల డీజిల్ తెచ్చి ట్యాంకులో గబగబా కుమ్మరించారు. అనుకున్నట్టే లైన్ పోయింది. జనరేటరు ఒక్క మీటకే అందుకుంది. బావ మీసం దువ్వుకున్నాడు. జీలకర్ర బెల్లం పెట్టే వేళకు ఇంజను గొంతు మారింది. దీపాలు ఎర్రబడ్డాయి, మళ్లీ వెలిగాయి, ఆరిపోయాయి. ఎన్నిసార్లు తిప్పినా మళ్లీ అందుకోలేదు.

మిగతా పెళ్లి ఫోన్ల వెలుగులో నడిచింది. బావమరిది తలకు టార్చి కట్టుకుని ఫిల్టరు విప్పాడు. లోపలి కాగితం మడతలు కనిపించలేదు. బెండకాయ జిగురులా సాగే నల్లని గోధుమరంగు పదార్థం వాటిని కప్పేసింది. తర్వాత స్పానరుతో ట్యాంకు వాల్వు మీది రంగు పగలగొట్టి, ఒక గాజు సీసా కింద పెట్టి తిప్పాడు. సీసా నిండాక టార్చి వెలుగులో పట్టుకుని చూపించాడు. పైన డీజిల్. అడుగున మసక నీళ్లు. రెండింటి మధ్య ముదురు రంగు పొర, సీసా వంచితే చిరగకుండా వంగుతోంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన. సీసా అడుగున సన్నని తుప్పు పొడి.

"ఇన్నాళ్లూ నడిచిందిగా!" అన్నాడు బావ, గొంతు పెగుల్చుకుని.

"కదలనంతసేపూ నడుస్తాది బావా. మా బోట్లూ అంతే. రేవులో ఇంజను సక్కగా పాడతాది. బయట కెరటం తగిలాక అడుగున ఉన్నదంతా పైకి లేస్తాది. ఫిల్టరు మూసుకుపోయేది అప్పుడే, గాలీ కెరటం మీదికొచ్చే వేళకే. ఈ రోజు మీ కుర్రాళ్లు పోసిన రెండు క్యాన్లే నీ ట్యాంకుకి కెరటం."

"ఏదో మందు ఉంటుందట కదా? పోస్తే చాలదూ?"

"మందు పాచిని సంపుద్ది. సచ్చిన పాచి ఎక్కడికి పోతాది? ఫిల్టరుకే వస్తాది. ముందు ట్యాంకు కడగాలి. మందు ఆ తర్వాత, డబ్బా మీద రాసిన కొలత ప్రకారం, చేతులకు తొడుగులు ఏసుకుని."

బావ చాలాసేపు సీసా వంకే చూశాడు. తర్వాత అన్నాడు: "షిఫ్టుకు వెళ్లగానే కంప్రెసర్ రిసీవరు డ్రెయిన్ తిప్పి నీళ్లు వదిలేవాణ్ణి. ఉద్యోగమంతా ఒక్క షిఫ్టు మానలేదు. గాలిలో తేమ చల్లబడితే నీళ్లవుతుందని నాకు తెలియక కాదు. ఇది పని చేయకుండా కూర్చున్నదే, దీనికేమవుతుందనుకున్నాను."

మర్నాడు ఇద్దరూ కలిసి ట్యాంకు ఖాళీ చేశారు. లోపల రుద్ది కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ఫిల్టర్లూ మూత వాషరూ మార్చారు. తెచ్చిన కొత్త డీజిల్‌ను కాసేపు కదలకుండా ఉంచి, అడుగున నీళ్లు లేవని చూసుకున్నాకే పోశారు.

నీతి: వాడుకలో ఉన్నదాన్ని దాని పనే సగం కాపాడుతుంది, నిలిపి ఉంచినదాన్ని మనిషే పూర్తిగా కాపాడాలి.

ఈ కథలోని పాచి కల్పన కాదు. డీజిల్‌ను తిని బతికే బాక్టీరియా, ఈస్టులు, బూజులు ఉన్నాయి. వాటిలో పేరుమోసిన బూజు హార్మోకోనిస్ రెసినే. కిరోసిన్ వంటి ఇంధనంతో ఎగిరే జెట్ విమానాల ట్యాంకులను కూడా అది 1950లు, 60లలో పట్టి పీడించింది. ఆహారం డీజిలే అయినా, బతకడానికి దానికి నీళ్లు కావాలి. లీటరు నీళ్లు కిలో తూగితే, లీటరు డీజిల్ సుమారు 830 గ్రాములే తూగుతుంది. అందుకే ఎంత కొంచెం నీరు చేరినా అడుక్కే పోతుంది. ఆ నీటికీ డీజిల్‌కూ మధ్య గీతే దాని నివాసం. అక్కడ పెరుగుతూ అది విడిచే ఆమ్లాలు ఉక్కును తినేస్తాయి. కొన్ని బాక్టీరియా చేసే హైడ్రోజన్ సల్ఫైడ్ వల్లే ఆ కుళ్లు కంపు. బయోడీజిల్ కలిసిన ఇంధనం మామూలు డీజిల్ కన్నా ఎక్కువ తేమ పీలుస్తుంది, సూక్ష్మజీవులకు సులువుగా అరుగుతుంది కూడా. కాబట్టి అలాంటి ఇంధనం వాడితే ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. నీళ్లు లేకుండా చేస్తే పాచికి చోటుండదు. మిగతా మందులూ మాకులూ దాని తర్వాతి మాట.

భిలాయి బావది అజ్ఞానం కాదు. తెలిసిన పనిని డ్యూటీ గేటు దగ్గరే వదిలేసి ఇంటికొచ్చాడు, అంతే. మనలో చాలామందికి ఉన్న అలవాటే అది. ఆసుపత్రిలో, అపార్టుమెంటులో, మండపంలో అవసరం వచ్చేదాకా ఎవరూ తట్టి చూడని ట్యాంకులు ఎన్నో ఉన్నాయి. ఆపరేషన్ గదిలో దీపం ఆరితే పెళ్లిలోలాగా ఫోన్ వెలుగుతో సరిపెట్టుకోలేం.

బోటు యజమానులారా, ఏప్రిల్ 15న బోటు కట్టేసే ముందు ట్యాంకు అడుగు నీళ్లు వదలండి. వ్యాకోచానికి కాస్త చోటుంచి ట్యాంకు నింపండి, మూత వాషరు మార్చండి. జూన్‌లో తాడు విప్పే ముందు మళ్లీ ఒక సీసా పట్టి చూడండి. జనరేటర్లు చూసుకునే అన్నలారా, నెలకోసారి మీరూ ఆ వాల్వు తిప్పండి. వచ్చిన నీళ్లను కాలువలో పోయకుండా డబ్బాలో పట్టి, వాడేసిన ఆయిల్‌తో పాటు అప్పగించండి. మీ ట్యాంకు వాల్వు మీద రంగు చెక్కుచెదరకుండా ఉంటే మాత్రం నెలాఖరు దాకా ఆగవద్దు, ఈ వారమే విప్పి చూడండి.