నడుము నిలబెట్టుకోవడమూ సాధనే

వినాయకుడి ముందు గుంజీళ్లు తీయడం తెలుగువాళ్లకు ఆనవాయితీ. స్వయంభూ విఘ్నేశ్వరుడు వెలసిన చోడవరంలో ఆ సంగతి ఎవరికీ చెప్పనక్కర్లేదు. కుడి చేత్తో ఎడమ చెవి, ఎడమ చేత్తో కుడి చెవి పట్టుకుని కూర్చుని లేవాలి. దేవుడి ముందు ఒంటిని ఇలా కష్టపెడితే భక్తి. అదే ఒంటిని ఇంట్లో చాప మీద, నడుము బలం కోసం కష్టపెడితే? అది సాధనా, దేహాభిమానమా?

దేహం నీటిబుడగ అని, తోలుతిత్తి అని వింటూ పెరిగిన జాతి మనది. ‘ఎన్నాళ్లుండే కట్టె ఇది’ అంటూ నడుము నొప్పిని కర్మ ఖాతాలో వేసేసే పెద్దలు ఏ ఊళ్లోనైనా కనిపిస్తారు. వైరాగ్యం గొప్పదే. ఒంటిని గాలికొదిలేయమని మాత్రం అది చెప్పలేదు.

ఇందుకు సాక్ష్యం చోడవరానికి దగ్గర్లోనే ఉంది. 2022 వరకు విశాఖ జిల్లాలో, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉన్న శంకరం గ్రామంలో బొజ్జన్నకొండ మీద తొలిచిన గుహలు, రాతి స్తూపాలు, కూర్చున్న బుద్ధుడి శిల్పాలు ఉన్నాయి. అలా నిటారుగా కూర్చోగలగడానికి ముందు ఆయన పడిన అవస్థను బౌద్ధ గ్రంథం మజ్ఝిమ నికాయం దాచకుండా చెబుతుంది. తిండి బాగా తగ్గించేసి తపస్సు చేసిన రోజుల్లో ఎంత చిక్కిపోయాడంటే, పొట్ట తడుముకుంటే వెన్నెముక చేతికి తగిలేదట. కాలకృత్యాలకు లేస్తే బోర్లా పడిపోయేవాడట. ఈ దారిలో జ్ఞానం దొరకదని తెలుసుకుని అన్నం తిన్నాడు. వెంట ఉన్న ఐదుగురు తాపసులూ సుఖాలకు లొంగిపోయాడని వదిలేసి వెళ్లిపోయారు. కసరత్తు చేసేవాణ్ణి చూసి ‘ఒంటి మీద మోజు’ అనేవాళ్లు ఇవాళ ఆ ఐదుగురి తప్పే చేస్తున్నారు.

గీత ఆరో అధ్యాయమూ ధ్యానానికి కూర్చునేవాడు మొండెం, మెడ, తల ఒకే వరసలో నిలపాలంటుంది. కుమారసంభవంలో తపస్సు చేస్తున్న పార్వతిని మారువేషంలో వచ్చిన శివుడు, నీ శక్తికి తగ్గట్టే చేస్తున్నావా అని అడుగుతాడు. ధర్మానికి మొదటి సాధనం శరీరమేనని గుర్తుచేస్తాడు.

గీత చెప్పిన ఆ వరసను ఎముకలు మాత్రమే నిలపలేవు. పైన డయాఫ్రం, కింద కటి కండరాలు, పొట్ట చుట్టూ పట్టీలా బిగిసే లోపలి కండరం, వెన్నుపూసలను అంటిపెట్టుకున్న చిన్న కండరాలు కలిసి ఆ పని చేస్తాయి. వ్యాయామ నిపుణులు కోర్ అంటున్నది వీటినే. చెయ్యి ఎత్తబోయే ముందే పొట్ట లోపలి కండరం బిగుసుకుంటుందని, నడుము నొప్పి ఉన్నవాళ్లలో అది ఆలస్యమవుతోందని ఆస్ట్రేలియా పరిశోధకులు హాడ్జెస్, రిచర్డ్‌సన్ 1996లో చూపించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో 61.9 కోట్ల మంది నడుము నొప్పితో బాధపడ్డారు.

గోవాడ చక్కెర ఫ్యాక్టరీ చుట్టుపక్కల పొలాల్లో నేలబారుగా వంగి చెరకు నరికి, ఆకు ఒలిచి, మోపు కట్టి నెత్తికెత్తుకునే మనిషికి ఇంకా కసరత్తు ఎందుకు? న్యాయమైన ప్రశ్నే. కూలి పని నడుమును అరగదీస్తుంది, ఎప్పుడు ఆపాలో అక్కడ మనిషి చేతిలో ఉండదు. సాధనలో ఆ కొలత మనదే. అతనికి ముందు కావలసింది విశ్రాంతి, మోపు బరువు తగ్గించడం, మోకాళ్లు వంచి బరువును ఒంటికి దగ్గరగా పట్టుకుని లేపే పద్ధతి. రోజంతా కుర్చీలోనో కుట్టుమిషను ముందో కూర్చునేవాళ్లకే కసరత్తు ముందుగా కావాలి.

కెనడాలో వెన్నెముక మీద దశాబ్దాలు పనిచేసిన స్టువర్ట్ మెక్‌గిల్ చెప్పిన మూడు కసరత్తుల్లో ఒకటి చూడండి. చేతులు, మోకాళ్లు నేలకు ఆనించి, కుడి చెయ్యి ముందుకు, ఎడమ కాలు వెనక్కు చాచాలి. నడుము ఊగకూడదు, ఊపిరి బిగబట్టకూడదు. పది సెకన్లు నిలిపి వైపు మార్చాలి. మనసు కాస్త పక్కకు పోతే నడుము ఒరుగుతుంది. ధ్యానంలో కుదరని ఏకాగ్రత ఇక్కడ చాలామందికి కుదురుతుంది.

నొప్పితో పాటు కాళ్లలో బలం తగ్గినా, తిమ్మిరి ఎక్కినా, మూత్రం అదుపు తప్పినా కసరత్తుల జోలికి పోకుండా వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్లాలి. మిగతావాళ్లు వచ్చే వినాయక చవితి దాకా ఆగకండి. రేపు పొద్దున్న దీపం పెట్టాక ఓ పది నిమిషాలు చాప పరవండి.