వెళ్ళిపోయినవాడు

మా వాడికి అప్పుడు పదమూడేళ్ళు. 2018 ఆగస్టు 25, శనివారం సాయంత్రం. మా ఇంట్లో శనివారం వంట నాది. వంకాయలు తరుగుతుంటే కింద బేస్‌మెంట్‌లోంచి పెద్ద కేక వినబడింది. మెట్లమీంచి పడ్డాడేమోనని కత్తి చేత్తో పట్టుకునే పరిగెత్తాను. వాడు నిక్షేపంలా ఉన్నాడు. సోఫా ఎక్కి గంతులేస్తున్నాడు. టీవీలో వాంకూవర్‌లోని రోజర్స్ అరీనా కనబడుతోంది. స్టేజీ మీద ఐదుగురు కుర్రాళ్ళు ఒకళ్ళనొకళ్ళు కావిలించుకుని ఏడుస్తున్నారు. క్రికెట్ వరల్డ్ కప్పు గెలిచినవాళ్ళలాగే ఉన్నారు గానీ, వీళ్ళు ఆడింది వీడియో గేము.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఆట పేరు డోటా 2. ఇటు ఐదుగురు, అటు ఐదుగురు. ఎదుటివాళ్ళ కోట కూల్చాలి. ఎంచుకోవడానికి నూటికి పైగా వీరులుంటారు. ఎవరికి ఎవరు విరుగుడో గుర్తుపెట్టుకోవటమే ఒక చదువు. ఆ ఆట తయారుచేసిన వాల్వ్ కంపెనీ ‘ది ఇంటర్నేషనల్’ అనే పోటీని 2011లో జర్మనీలోని కొలోన్‌లో మొదలుపెట్టింది. ఆ ఏడు మొత్తం బహుమతి 16 లక్షల డాలర్లు, అందులో గెలిచినవాళ్ళకి పది లక్షలు. 2013 నుంచి అభిమానులు కొనుక్కునే సరుకులో నాలుగో వంతు బహుమతిలో కలపటంతో అది 2018కి రెండున్నర కోట్ల డాలర్లు దాటింది. అందులో మా క్రెడిట్ కార్డు వాటా కూడా కొంత ఉందని బిల్లు వచ్చాక తెలిసింది.

పాత విజేతల పేర్లు మా వాడు ఎక్కాల్లా అప్పజెప్పేవాడు. 2011 నావీ, 2012 ఇన్విక్టస్ గేమింగ్, 2013 అలయన్స్, 2014 న్యూబీ, 2015 ఈవిల్ జీనియసెస్, 2016 వింగ్స్, 2017 లిక్విడ్. వీడి వయసులో మా నాన్నగారు నాచేత ప్రభవ, విభవ అంటూ అరవై సంవత్సరాల పేర్లూ వల్లె వేయించారు. దానివల్ల నాకు ఒరిగిందేమిటో ఇప్పటికీ తెలీదు కాబట్టి వాణ్ణి ఏమీ అనలేదు.

ఆ రోజు గెలిచిన జట్టు పేరు ఓజీ. అన్నం తింటూ మా వాడు ఆ కథంతా చెప్పాడు.

ఓజీకి మొదటినుంచీ ఇద్దరు మూలస్తంభాలు. డెన్మార్క్ కుర్రాడు జోహాన్ సుండ్‌స్టెయిన్, ఆటలో పేరు నోటెయిల్. ఇజ్రాయెల్ కుర్రాడు తాల్ ఐజిక్, ఆటలో పేరు ఫ్లై. డోటా కంటే ముందు వేరే ఆట ఆడే రోజులనుంచీ స్నేహితులు. 2015లో ఓజీ మొదలైనప్పుడు ఇద్దరూ కలిసే ఉన్నారు. ఫ్రాంక్‌ఫర్ట్, మనీలా, బోస్టన్, కీవ్ - నాలుగు ‘మేజర్’ పోటీలు గెలిచారు. అంతకుముందు ఏ జట్టూ అన్ని గెలవలేదు. కానీ అసలు పోటీ, ఇంటర్నేషనల్, వాళ్ళకి అందలేదు. 2016లోనూ 2017లోనూ మధ్యలోనే ఇంటికొచ్చేశారు. 2018 ఓజీకి అసలు కలిసిరాలేదు. మే నెలాఖర్లో, ఇంక మూడు నెలల్లో ఇంటర్నేషనల్ ఉందనగా, ఫ్లై ఓజీ వదిలేసి ఈవిల్ జీనియసెస్‌లో చేరాడు. అతనితోపాటు ఎస్4 అనే స్వీడన్ ఆటగాడూ వెళ్ళాడు. ఎస్4 2013లోనే అలయన్స్‌తో కప్పు గెలిచినవాడు. ఫ్లైకి మాత్రం ఆ జాబితాలో పేరు లేదు.

ఇక్కడ మిగిలినవాళ్ళు నోటెయిల్, జెరాక్స్. కోచ్‌గా ఉన్న సెబ్ తనే ఆటలోకి దిగాడు. ఏడాది కిందట జట్టు వదిలి వెళ్ళిన ఆనాని వెనక్కి పిలిచారు. అంతటి వేదిక ఎప్పుడూ ఎక్కని టాప్సన్ అనే ఫిన్లాండ్ కుర్రాణ్ణి తెచ్చుకున్నారు. ఎవరైనా పేరిచ్చుకోగలిగే ఓపెన్ క్వాలిఫయర్ నుంచి మొదలుపెట్టి, ఒక్కో మెట్టూ ఎక్కుతూ వాంకూవర్ దాకా వచ్చారు. అక్కడ ఎదురైంది ఎవరనుకున్నారు? ఫ్లై ఉన్న జట్టే. 2-1తో దాన్ని దాటారు. ఫైనల్లో చైనా జట్టు పీఎస్‌జీ ఎల్‌జీడీ చేతిలో 1-2తో వెనకబడి 3-2తో గెలిచారు. కోటీ పన్నెండు లక్షల డాలర్లు వాళ్ళవయ్యాయి. ఫ్లై జట్టుకి మూడో స్థానం వచ్చింది.

“నాన్నా, ఫ్లై చేసింది తప్పా?” అన్నాడు మా వాడు.

“జట్టు మారటం తప్పెందుకవుతుందిరా? అందరూ ఉద్యోగాలు మారట్లేదూ?”

“ఓజీ గెలిచింది కాబట్టి అలా అంటున్నావు. ఓడిపోయుంటే?”

పెరుగు వేసుకోమని మాట మార్చాను. కంచంలో పెరుగు అప్పటికే ఉంది.

*

మాట ఎందుకు మార్చానో చెప్పాలి.

2002 డిసెంబర్లో నా ఎమ్మెస్ అయిపోయింది. డాట్‌కామ్‌లు కూలిన రోజులు. ఎక్కడా ఉద్యోగాల్లేవు. మా జిల్లావాడొకాయన న్యూజెర్సీలో ఉండేవాడు. అందరం ‘అన్న’ అనే పిలిచేవాళ్ళం. వాళ్ళింట్లో హాల్లో సోఫా మీద నాలుగు నెలలు పడుకున్నాను. వదినగారు ఒక్కరోజు కూడా మొహం చిట్లించలేదు. ఆయనే నా రెజ్యుమే దిద్ది తను పనిచేసే కన్సల్టింగ్ కంపెనీలో పెట్టించాడు. ఆరేళ్ళపాటు ఒకే టీము. ఆయన లీడు, నేను డెవలపరు. 2009లో ఒక ఇన్స్యూరెన్స్ క్లయింటుకి మెయిన్‌ఫ్రేమ్ కోబాల్‌ని జావాలోకి మారుస్తున్నాం. రాత్రిపూట నడిచే బ్యాచ్ జాబులన్నీ నావి. డాక్యుమెంటేషన్ అంతా నా బుర్రలో ఉంది, కాగితం మీద లేదు. ఆ తప్పు అందరిదీ.

గో లైవ్ ఆరు వారాలుందనగా నాకు వేరే కంపెనీలో ఉద్యోగం వచ్చింది. చేరగానే గ్రీన్‌కార్డుకి లేబర్ ఫైల్ చేస్తామన్నారు. పాత కంపెనీ మూడేళ్ళుగా ఆ మాటే చెబుతూ వాయిదా వేస్తోంది. మా వాడికి నాలుగేళ్ళు. ఆఫర్ మీద సంతకం పెట్టేశాను.

మర్నాడు పొద్దున ఎప్పటిలాగే అన్న కారులో ఆఫీసుకి బయల్దేరాను. దారిలో ఆగి కాఫీ తాగాం. నా కాఫీకి ఆయనే డబ్బులిచ్చాడు. నలభై నిమిషాల ప్రయాణం. గో లైవ్ అయ్యాక అందరం నయాగరా వెళ్దామని హోటళ్ళ గురించి మాట్లాడాడు. నేను హోటళ్ళ గురించి మాట్లాడాను. పదకొండింటికి నా రాజీనామా మెయిల్ ఆయన ఇన్‌బాక్స్‌కి వెళ్ళింది. మా ఇద్దరి క్యూబికల్స్ మధ్య దూరం ఆరడుగులు.

గో లైవ్ విఫలమైంది. క్లయింటు కాంట్రాక్టు రద్దు చేసుకున్నాడు. టీములో చాలామందిని తీసేశారు, అన్నతో సహా. హెచ్1 మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే వేరేది వెతుక్కోవటానికి అరవై రోజుల గడువిచ్చే నిబంధన 2017లో వచ్చింది. 2009లో అదీ లేదు. పిల్లల్ని స్కూలు మధ్యలో మాన్పించి హైదరాబాదు వెళ్ళిపోయారు. నా సంగతా? నా ప్రయారిటీ డేటు 2009. 2012 మొదట్లో ఇండియావాళ్ళ ఈబీ-2 తేదీలు ఒక్కసారిగా 2010 మే దాకా జరిగాయి. ఆ తలుపు మళ్ళీ మూసుకునేలోపు నా కాగితాలు లోపల పడిపోయాయి. కష్టపడి పైకొచ్చానని పార్టీల్లో చెబుతూ ఉంటాను. అందులో కష్టమెంతో, వీసా బులెటిన్ ఎంతో నాకు తెలుసు.

*

ఫిలాసఫీ నా సబ్జెక్టు కాదు. అయినా మా వాడి ప్రశ్న నన్ను లైబ్రరీ దాకా తీసుకెళ్ళింది. బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ అనే ఇద్దరు 1976లో ఇదే ప్రశ్న మీద వ్యాసాలు రాశారు. విలియమ్స్ చిత్రకారుడు గొగాఁ ఉదాహరణ తీసుకున్నాడు. పెళ్ళాం పిల్లల్ని వదిలేసి బొమ్మలు వేసుకోవడానికి దీవులకు పోయినవాడు గొప్ప చిత్రకారుడు కాకపోయి ఉంటే, ఆ వెళ్ళిపోవటాన్ని తనైనా ఎలా సమర్థించుకునేవాడు? నేగెల్ ఇద్దరు డ్రైవర్ల గురించి చెప్పాడు. ఇద్దరూ ఒకేలా అజాగ్రత్తగా ఉన్నారు. ఒకడి బండికి ఒక పిల్లవాడు అడ్డం వచ్చాడు, రెండోవాడికి ఎవరూ రాలేదు. తప్పు సమానమే. కానీ మనం ఇద్దర్నీ ఒకేలా చూడం.

ఫలితం మన చేతిలో లేదన్న గీతని చిన్నప్పట్నుంచీ వింటూ పెరిగిన మనకి ఇది కొత్తగా అనిపించకూడదు. కానీ మనం మాత్రం ఫలితాన్ని చూడకుండా తీర్పు చెబుతామా? విభీషణుడు గెలిచే పక్షానికి వెళ్ళాడు. ధర్మం అటే ఉంది, ఒప్పుకుందాం. అయినా ‘ఇంటి గుట్టు లంకకు చేటు’ అనే సామెత చెప్పుకుంటాం, కొడుక్కి విభీషణుడని పేరు పెట్టుకున్నవాళ్ళు నాకెక్కడా తగల్లేదు. ఓడిపోతుందని తెలిసిన పక్షాన నిలబడ్డ కర్ణుడి పేరు మాత్రం ముద్దుగా పెట్టుకుంటాం. సినిమాహాల్లో కర్ణుడు చచ్చిపోతుంటే ఏడ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను. అంటే ధర్మం వైపు వెళ్ళినవాణ్ణి కూడా వెళ్ళిపోయినవాడిగానే గుర్తుపెట్టుకుంటున్నామన్నమాట.

నా మటుకు నాకు, ఫ్లై వెళ్ళటం తప్పు కాదు. ఆ ఆటలో చురుగ్గా ఉండే ఏళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. స్నేహం కోసం వాటిని అర్పించమని అడిగే హక్కు ఎవరికీ లేదు. నేను ఉద్యోగం మారటమూ తప్పు కాదు. ఇంతవరకూ నాకు అనుమానం లేదు.

కానీ ఈ తీర్పు నాకు అనుకూలంగా ఉంది కాబట్టి దీన్ని రెండుసార్లు తిప్పి చూడాలి. ఓజీ గెలవటంతో ఫ్లై ఒక బరువు తప్పించుకున్నాడు. అతను వెళ్ళకపోతే టాప్సన్ రాడు, ఆనా తిరిగి రాడు, ఆ కప్పు రాదు అని అభిమానులే సరదాగా అంటారు. మా అన్న గో లైవ్ సజావుగా జరిగి ఉంటే నేనూ అలాగే, ‘నేను పోబట్టే కదా నీకు ప్రమోషన్ వచ్చింది’ అని ఆయన భుజం చరిచేవాణ్ణి. అప్పుడు కూడా నేను చేసింది ఇదే. మారేది ఏమిటి? నేగెల్ డ్రైవర్ల సంగతికే మళ్ళీ వస్తాను. తప్పు ఇద్దరిదీ ఒకటే కావచ్చు, శిక్ష కూడా ఒకటే వెయ్యొచ్చు. కానీ రెండోవాడికి వెళ్ళి తలుపు కొట్టాల్సిన ఇల్లు ఏదీ లేదు. మొదటివాడికి ఉంది. ఆ ఇంటికి వెళ్ళకుండా ‘అవతలివాడూ నాలాగే నడిపాడు కదా’ అని కూర్చుంటే, అది యాక్సిడెంటు కాదు. అది వాడి సొంత నిర్ణయం. నేను తొమ్మిదేళ్ళు వెళ్ళలేదు. సంక్రాంతికి అందరికీ పంపే మెసేజిలో ఆయన నంబరు కూడా ఉండేది, అంతే.

ఇంకొకటి. వెళ్ళటం వేరు, ఆ నలభై నిమిషాలు వేరు. కారులో చెప్పి ఉంటే ఆయన ఆరు వారాల్లో ఆ బ్యాచ్ జాబులు ఇంకొకడికి నేర్పించమనేవాడు. నేను కాదనలేకపోయేవాణ్ణి. అందుకే చెప్పలేదు. దీనికి అదృష్టంతో గానీ ఫలితంతో గానీ సంబంధం లేదు. గో లైవ్ బ్రహ్మాండంగా జరిగినా అది అలాగే ఉండేది.

*

మరుసటి ఏడు షాంఘైలో ఓజీ మళ్ళీ గెలిచింది. రెండుసార్లు గెలిచిన మొదటి జట్టు అదే. 2025 సెప్టెంబర్లో హాంబర్గ్‌లో ఫాల్కన్స్ గెలిచింది. కాలేజీనుంచి మా వాడు ఫోన్ చేసి, ఆ జట్టులో క్రిట్ ఉన్నాడని చెప్పాడు. తొలినాళ్ళ ఓజీలో ఉండి, తర్వాత ఈవిల్ జీనియసెస్‌కి వెళ్ళి, 2018లో ఫ్లై పక్కన కూర్చుని ఓజీ చేతిలో ఓడినవాడు. పదేళ్ళకి అతని పేరు జాబితాకెక్కింది. ఫ్లై పేరు ఇంకా ఎక్కలేదు.

2018లో మా వాడు ఆ ప్రశ్న వేసిన రెండు నెలలకి హైదరాబాదుకి ఫోన్ చేశాను. అన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాడు. పిల్లలిద్దరూ స్థిరపడ్డారట. గొంతు మారలేదు. ఎన్నోసార్లు మనసులో అనుకున్న మాటలు కుప్పగా చెప్పేశాను.

“ఆ ప్రాజెక్టా? నువ్వున్నా లేచేది కాదురా. డేటా కన్వర్షనే తప్పు,” అన్నాడు.

అది నిజమో, నా మొహం చూడకపోయినా నన్ను సోఫా మీద ఇంకోసారి పడుకోబెట్టటమో పోల్చుకోలేకపోయాను.

“అది కాదన్నా. ఆ పొద్దున కాఫీ తాగుతున్నప్పుడు...”

“ఏ కాఫీ?” అన్నాడు. చెప్పాను. నయాగరా సంగతి కూడా చెప్పాను. కాసేపు ఆలోచించి, గుర్తు రావట్లేదన్నాడు. తర్వాత మా వాడు ఏ క్లాసని అడిగాడు. వదినగారిని పిలిచి ఫోన్ ఇచ్చాడు.