కంటి కురుపుకు మామిడిపండు కారణమా?

పిల్లల కంటిరెప్ప అంచున కురుపు లేవగానే మన ఇళ్లలో మొదటి నింద మామిడిపండు మీదే. ‘వేడి చేసింది’ అంటాం. పండువల్లే వస్తుందనడానికి రుజువు లేదు. రెప్పవెంట్రుక మొదట్లో ఉండే నూనెగ్రంథిలోకి బాక్టీరియా, ఎక్కువగా స్టాఫిలోకాకస్, చేరి చీము పట్టడమే కురుపు. మట్టిచేతులతో కళ్లు నులుముకోవడం, ఇంటిల్లిపాదీ ఒకే కాటుక డబ్బాలో వేలు పెట్టడం, రాత్రి కాటుక తుడవకుండా పడుకోవడం దానికి దారులు. కురుపు లేస్తే, గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన శుభ్రమైన గుడ్డను మూసిన రెప్పపై 10 నిమిషాలు ఉంచండి. చల్లారితే మళ్లీ ముంచండి. రోజుకు మూడు నాలుగుసార్లు చాలు. ఎంత సలిపినా చిదమకండి. పెద్దవాళ్లకు పదేపదే లేస్తుంటే మాత్రం వెనక షుగర్ ఉండొచ్చు, ఆలస్యం చేయకుండా షుగర్ పరీక్ష చేయించండి.