తూబోన్ నదిలో ఒక పూట



వియత్నాం నడిమి తీరంలో హోయ్ ఆన్ అనే పాత రేవు పట్టణం ఉంది. 1999లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. చాలామంది అక్కడి లాంతర్ల వీధులు చూసి వచ్చేస్తారు. నన్నడిగితే, ఊరి పక్కనే పారే తూబోన్ నదికి ఒక పూట ఇవ్వాలి.

అక్కడి జాలర్లు యాత్రికుల చేతికే వల ఇస్తారు. సగం వల మోచేతి మీద వేసుకుని, నడుము తిప్పి విసరాలి. కొత్తవాళ్ల చేతిలో అది ముద్దగా పడుతుంది. జాలరి విసిరితే నీళ్ల మీద నిండుగా విచ్చుకుంటుంది. గుండ్రటి వెదురు పడవ కూడా నడపనిస్తారు. మన తుంగభద్ర పుట్టికి అది దగ్గరి చుట్టం. అల్లిక సందులను పేడతో, చెట్టు జిగురుతో పూడుస్తారు.

అన్నిటికన్నా నాకు అబ్బురం, నది సముద్రంలో కలిసేచోట ఉండే పెద్ద ఎత్తుడు వల. నాలుగు మూలలా గుంజలు, పక్కనే నీళ్లలో నిలబెట్టిన గుడిసె. అందులో కూర్చుని చక్రాన్ని కాళ్లతో తొక్కితే తాళ్లు చుట్టుకుని వల పైకి లేస్తుంది. ఆపైన చిన్న పడవలో వల కిందికి వెళ్లి, నడుమ ఉన్న ముడి విప్పి చేపల్ని దించుకుంటారు. రాత్రిపూట దీపం వెలుగుకు చేపలు చేరతాయి కాబట్టి, జాలరి నిద్ర మానుకుని తొక్కుతాడు. యాత్రికుడు తొక్కేది కాసేపే, అయినా పిక్కలు పట్టేస్తాయి.

ఎప్పుడైనా అటు వెళ్తే, ఆ పూట పడిన చేపల్ని వాళ్ల దగ్గరే కొనండి. అరటాకులో చుట్టి నిప్పుల మీద కాల్చి పెడతారు.