ఒప్పందమూ, మనిషీ

తన యిష్టంతో సంతకం చేసిన మనిషి తనలో ఎంత భాగాన్ని అవతలివాడికి అప్పగించినట్టు? ప్రశ్న పాతదే. కాని యిది నాకు ఈ మధ్య పుస్తకంలో కాక, తరగతి గదిలో ఎదురైంది. శ్రమకూ సాహిత్యానికీ వున్న సంబంధం గురించి పాఠం చెబుతూ, ఆటను వృత్తిగా పెట్టుకున్నవాడు కూడా కార్మికుడే అన్నాను. వెనక బెంచీ నుంచి ఒక విద్యార్థి లేచి, "ఆడుకుంటూ డబ్బు తీసుకునేవాడు కార్మికుడెలా అవుతాడండీ? యిష్టం లేకపోతే మానెయ్యవచ్చు గదా!" అన్నాడు. ఆ రోజు నేను చెప్పిన జవాబు నాకే తృప్తి కలిగించలేదు. తరువాత బిల్ రడోవిచ్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడి కథ చదివాను. అసలు జవాబు అతని జీవితంలో వుంది.

అమెరికన్లు ఫుట్‌బాల్ అనేది మనం ఎరిగిన కాలిబంతి కాదు. కోలగా వుండే బంతిని చేతబట్టుకుని ఎదుటి పక్షం గీత దాటాలి. ఎదుటి పక్షం ఒళ్ళు అడ్డంవేసి ఆపాలి. పత్రికల్లో పేరు పడేది సాధారణంగా బంతితో పరుగెత్తినవాడిది. రడోవిచ్ ఆడింది "గార్డు" స్థానంలో. ఎదుటివారిని భుజాలతో నెట్టి, పరుగెత్తేవాడికి దారి చెయ్యటం గార్డు పని. 1938 నుంచి 1941 వరకు, మళ్ళీ 1945లో, రడోవిచ్ కార్ల కర్మాగారాల నగరమైన డెట్రాయిట్‌లో లయన్స్ జట్టుకు ఆ పని చేశాడు. చేసిన పనికి ఫలితం వేరొకరి పేరు మీద కనిపించటం ఆ నగరంలో కొత్త సంగతేమీ కాదు.

1946లో అతని తండ్రికి జబ్బు చేసింది. ఆయనకు దగ్గరగా వుండేటందుకు, అదే జాతీయ లీగులో వున్న లాస్ ఏంజెలెస్ జట్టుకు తనను మార్చమని రడోవిచ్ అడిగాడు. యాజమాన్యం కాదన్నది. తన క్లబ్బు అనుమతి లేకుండా ఆటగాడు మరొక క్లబ్బుకు పోరాదన్నది లీగు నియమం. అతను ఒప్పందాన్ని కాదని, పోటీ లీగులోని లాస్ ఏంజెలెస్ డాన్స్ జట్టులో చేరి 1946, 1947 సంవత్సరాల్లో ఆడాడు. 1948లో శాన్ ఫ్రాన్సిస్కో క్లిప్పర్స్ అనే క్లబ్బు అతనికి ఆటగాడుగా, శిక్షకుడుగా ఉద్యోగం యివ్వజూపింది. ఆ క్లబ్బు జాతీయ లీగుకు అనుబంధంగా వున్న మరొక లీగులోది. రడోవిచ్ పేరు నల్లజాబితాలో వుందనీ, అతన్ని తీసుకుంటే కఠినశిక్ష తప్పదనీ జాతీయ లీగు తెలియజేసింది. ఉద్యోగం పోయింది.

నా విద్యార్థి అన్న "మానెయ్యవచ్చు గదా" అన్న మాటను యిక్కడ పరీక్షించాలి. రడోవిచ్ మానెయ్యవచ్చు, నిజమే. అతనికి లేనిది యజమానిని మార్చే హక్కు. పెట్టుబడిదారీ వ్యవస్థలో కార్మికుడు రెండు విధాల "స్వతంత్రుడు" అన్నాడు మార్క్స్: తన శ్రమశక్తిని కోరినవాడికి అమ్ముకోవచ్చు, అమ్ముకోవటానికి అది తప్ప మరేమీ లేదు. ఈ ఆటగాడికి రెండో స్వాతంత్ర్యం నిండుగా వుంది. మొదటిదాన్ని యజమానులు కూడబలుక్కుని తీసివేశారు. పని మానే హక్కు వుండి, పనిచోటు మార్చే హక్కు లేనివాడికి మిగిలేది తన విద్యను వదులుకునే హక్కు ఒక్కటే. దానిని స్వేచ్ఛ అనటం న్యాయమా?

"అతను మాట తప్పాడు గదా" అనేవారున్నారు. తప్పాడు. మాటకు విలువ లేదని నేననను. కాని యిద్దరి మధ్య జరిగిన ఒప్పందం ఉల్లంఘనకు, దానితో సంబంధం లేని క్లబ్బులన్నీ కలిసి శిక్ష విధించటం ఒప్పందం కాదు. అది యజమానుల కట్టు. ఆ 1947లోనే హాలీవుడ్‌లో పదిమంది రచయితలకూ దర్శకులకూ స్టూడియోలు తలుపులు మూశాయి. వారిది అభిప్రాయాల నేరం, యితనిది తండ్రి దగ్గర వుండాలనుకున్న నేరం. కారణాలు వేరు, ఆయుధం ఒకటే.

యజమానుల వాదనలో కొంత బలముంది. ఆటగాళ్ళను కట్టివేయకపోతే ధనిక క్లబ్బులు మేటి ఆటగాళ్ళనందరినీ ఎగరేసుకుపోతాయి, పోటీ చచ్చిపోతుంది అంటారు. పోటీ లేకపోతే ఆట లేదు, ఒప్పుకుందాం. కాని సమానత్వానికి మనుషుల్ని కట్టివేయటమొక్కటే మార్గమా? 1961లో ఇదే యజమానులు టెలివిజన్ హక్కులను కలిపి అమ్మి, ఆదాయాన్ని సమంగా పంచుకున్నారు. అందుకు చట్టసభ ప్రత్యేకంగా అనుమతి యిచ్చింది. పంచుకోవటం సాధ్యమేనన్నమాట! సాధ్యమని తేలాక కూడా ఆటగాళ్ళ కట్లు వదలలేదు.

రడోవిచ్ 1949లో గుత్తవ్యాపార నిరోధక చట్టం క్రింద దావా వేశాడు. 35,000 డాలర్ల నష్టానికి, చట్ట ప్రకారం మూడింతలుగా 1,05,000 అడిగాడు. క్రింది కోర్టులు రెండూ త్రోసిపుచ్చాయి. 1957 ఫిబ్రవరి 25న సుప్రీంకోర్టు ఆరుగురు ముగ్గురి మీద అతని పక్షాన తీర్పు చెప్పింది. బేస్‌బాల్‌కు 1922 నుంచి ఆ చట్టం వర్తించటం లేదు. ఫుట్‌బాల్‌కు మాత్రం వర్తిస్తుందన్నారు. ఈ తేడాలో తర్కం లేదని ఎవరైనా అంటే, దానికి జవాబు బేస్‌బాల్ మినహాయింపు పాత తీర్పుల మీద నిలిచివుండటమేనని కోర్టే చెప్పుకుంది. తీర్పు యిచ్చింది దావా నడుపుకునే హక్కును మాత్రమే. చివరకు వ్యవహారం రాజీతో ముగిసింది. తీర్పు వచ్చేనాటికి రడోవిచ్‌కు నలభై ఒక్క యేళ్ళు. గెలుపు వచ్చింది, ఆడే వయసు తిరిగి రాలేదు.

నన్ను కలచివేసేది ఆ గెలుపులోని వైపరీత్యం. మనిషి శ్రమ వ్యాపారపు సరుకు కాదని అమెరికా 1914లోనే చట్టంలో వ్రాసుకుంది. అయినా రడోవిచ్ కోర్టు గుమ్మం దాటింది మనిషిగా కాదు. వ్యాపారానికి కలిగిన ఆటంకంగా. అతని తండ్రి జబ్బు తీర్పులో ఒక వాక్యం, అంతే. సరుకు స్వేచ్ఛగా కదలాలి గనుక, సరుకును మోసే మనిషికి కూడా కదిలే హక్కు దొరికింది.

అయినా ఆ విజయాన్ని చులకన చెయ్యను. 1956లో ఆటగాళ్ళు సంఘం పెట్టుకున్నారు. కదలికపై లీగు వేసిన మరొక కట్టును 1976లో, సంఘాధ్యక్షుడుగా పనిచేసిన జాన్ మాకీ పేరిట నడిచిన కేసులో, అప్పీలు కోర్టు చట్టవిరుద్ధమన్నది. నిజమైన స్వేచ్ఛామార్పిడి 1993లో గాని రాలేదు. రడోవిచ్ 2002లో కన్నుమూశాడు. జట్టులో అతని పని దారి చెయ్యటం. కోర్టులో కూడా అతను చేసింది అదే.

నా విద్యార్థికి యిప్పుడు యిలా చెబుతాను: ఆటను ప్రేమించటం వల్ల మనిషి కార్మికుడు కాకుండా పోడు. పనిని ప్రేమించేవాడిని కట్టివేయటం మరీ సులువు. మానేస్తానని అతను బెదిరించలేడు. కనుక సంతకం ఎవరు చేయించారని కాదు, సంతకం చేసినవాడికి తలుపు తెరిచివుందా అని అడగాలి. తలుపు మూసిన గదిలో యిష్టం గురించి మాట్లాడటం యజమానులకు తప్ప మరెవరికీ పనికిరాదు.