కాస్త సర్దుకోండి

రైలు ప్రయాణమంటే ఇష్టపడనివారు అరుదు. కిటికీ పక్క చోటు కోసం పిల్లలు పోట్లాడుకుంటారు. రాజమండ్రి వంతెన మీదికి బండి రాగానే, కునుకు తీస్తున్నవారు కూడా గోదావరిని చూడడానికి లేచి కూర్చుంటారు. అయితే రైలుకున్న అసలైన ఆకర్షణ కిటికీ బయట కాదు, లోపలే ఉందని నాకనిపిస్తుంది. బస్సులో ముందున్నవారి వీపులే కనిపిస్తాయి. రైలులో ఎదురెదురుగా కూర్చుంటాం. మనం ఎన్నుకోని మనుషులు ఒక రాత్రికి మన ఇరుగుపొరుగు అవుతారు. ఒకరు పులిహోర పొట్లం విప్పుతారు, ఇంకొకరు మజ్జిగ సీసా అందిస్తారు. ఈ చుట్టరికమంతా ఒక చిన్న మాటతో మొదలవుతుంది: "కాస్త సర్దుకోండి."

ఆ మాటలోనే ఒక చిక్కు ప్రశ్న కూడా ఉంది. డబ్బిచ్చి కొన్న చోటు ఎంతవరకు నాది?

1917 సెప్టెంబరులో గాంధీగారు బొంబాయి నుండి మద్రాసుకు మూడవ తరగతిలో ప్రయాణించి, ఆ అనుభవాన్ని రాశారు. 22 మందికని రాసివున్న పెట్టెలో, దారిలో ఎక్కువ భాగం 35 మందికి తక్కువ లేరట. రాయచూరు చేరేసరికి రద్దీ భరించరానిదయింది. లోపలున్నవారిలో కొందరు ఎక్కేవారిని ఆపడానికి పోరాడారు గానీ వారివల్ల కాలేదు. రాయచూరు దాటాక ఆ దారి గుంతకల్లు, కడపల మీదుగా సాగుతుంది. ఆ పెట్టెలో మన తాతముత్తాతలూ ఉండివుంటారు. గంట క్రితం బయట నిలబడి బతిమాలినవాడే, ఎక్కి కూర్చున్నాక తలుపు మూస్తాడు. మనిషి మనసు ఎంత త్వరగా మారుతుందో చూడండి!

నేనూ ఆ పని చేశాను. ఒకసారి కుటుంబంతో గుణదల మాత తిరునాళ్ళకు వెళ్తున్నాం. మాకు రిజర్వేషను ఉంది. మధ్యాహ్నం ఒక స్టేషనులో ఒక ముసలమ్మ ఎక్కి, "కాస్త సర్దుకో నాయనా" అంది. మా బల్ల మీద చోటు లేదని కాదు, అక్కడ మా సంచి ఉంది. "ఇది రిజర్వేషను పెట్టె అమ్మా" అన్నాను. ఆమె మారుమాట లేకుండా వెళ్ళి తలుపు దగ్గర నేల మీద కూర్చుంది.

తర్వాతి స్టేషనులో మంచినీళ్ళకు దిగాను. సీసా నిండేలోగా బండి కదిలింది. పరుగెత్తి మెట్టు మీద కాలు పెట్టాను గానీ, తలుపు దగ్గర అంతా మూటలు, మనుషులు. ఆ ముసలమ్మే తన సంచిని ఒళ్ళోకి లాక్కుని, కాళ్ళు ముడుచుకుని, "రా నాయనా, జాగ్రత్త" అంది. చోటు లేని మనిషి, చోటున్న నాకు చోటిచ్చింది. సిగ్గుపడి లోపలికి రమ్మని పిలిచాను. "ఎందుకులే, వచ్చే స్టేషనులో దిగిపోతాను" అంది. ఆ పూట గుణదలలో మాత ముందు నేను చేసిన మొదటి ప్రార్థన మా పిల్లల చదువు కోసం కాదు.

ఈ ప్రశ్నకు పునీత తోమాసు అక్వినాసుగారు 13వ శతాబ్దంలోనే జవాబు చెప్పారు. సంపాదించుకునే హక్కు, కాపాడుకునే హక్కు మనిషికి ఉన్నాయి. కాని వాడుకునే విషయంలో మాత్రం దానిని అందరిదిగా ఎంచి, అవసరంలో ఉన్నవారితో పంచుకోవడానికి సిద్ధంగా ఉండాలి. 1891లో పదమూడవ లియో జగద్గురువులు కార్మికుల గురించి రాసిన విశ్వలేఖలో ఈ బోధననే గుర్తుచేశారు.

రిజర్వేషను చేయించుకున్నవారి గోడు కూడా న్యాయమైనదే. ఆపరేషను చేయించుకుని ఇంటికి వెళ్తున్న రోగికి, చంటిబిడ్డ తల్లికి ఆ బెర్తు ఎంతో అవసరం. బలవంతంగా కూర్చుని దబాయించడం తప్పే. రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు నిద్రకని నిబంధన పెట్టింది కూడా అందుకే. కాని పట్టపగలు నా సంచికి ఇచ్చిన చోటును ఒక మనిషికి ఇవ్వకపోవడానికి టికెట్టు సాకు కాకూడదు.

అలాగని భారమంతా ప్రయాణికుల దయ మీద వదిలేయడమూ న్యాయం కాదు. 1977 నుండి 1979 వరకు మధు దండావతేగారు రైల్వే మంత్రిగా ఉన్నారు. అప్పటిదాకా రెండవ తరగతి బెర్తులు ఉత్త చెక్కబల్లలు. వాటిమీద రెండంగుళాల మెత్త వేయించింది ఆయనే. 1977 డిసెంబరులో బొంబాయి, హౌరాల మధ్య తరగతుల తేడా లేని గీతాంజలి ఎక్స్‌ప్రెస్ మొదలైంది కూడా ఆయన కాలంలోనే. పైవారిని దించడం కాదు, కిందివారిని పెంచడం ఆయన ఆశయం. నేటికీ సాధారణ పెట్టెల్లో రాత్రంతా నిలబడి ప్రయాణించే పేదలున్నారు. వారికోసం మరిన్ని పెట్టెలు అడగడం కూడా మన క్రైస్తవ ధర్మమే.

క్రిస్మస్ నాటకాల్లో మనం కఠినుడైన సత్రం యజమానిని చూపిస్తాం. లూకా సువిశేషంలో అలాంటి మనిషే లేడు. సత్రంలో వారికి చోటు దొరకలేదని మాత్రమే ఉంది. ముందుగా వచ్చినవారితో అది నిండిపోయి ఉండవచ్చు. వారంతా మనలాంటి మంచివారే అయివుండవచ్చు. తలా కాస్త సర్దుకోవాలని ఎవరికీ తోచలేదు, అంతే.

ఈసారి రైలెక్కినప్పుడు మన సంచి ఎక్కడుందో ఒకసారి చూసుకుందాం.