గాలిలో కలిసిపోయింది

మే నెలలో మా కారు ఏసీ కంప్రెసర్ పోయింది. వర్క్‌షాపులో చెప్పిన రేటు విని నాన్న, "నాలుగు బోల్టులు, ఒక బెల్టు. మనమే మార్చేద్దాం రా" అన్నారు. ఆదివారం పొద్దున్నే ఇంటి ముందు బానెట్ ఎత్తాం.

కొత్త కంప్రెసర్, ఓ-రింగులు, డ్రయర్, ఆయిల్ అన్నీ సిద్ధం. ఇక పైపులు విప్పాలి. వాటినిండా గ్యాస్ ఉంది. కళ్ళద్దాలు పెట్టుకుని, గ్లవ్స్ తొడుక్కుని, వాల్వ్‌ని స్క్రూడ్రైవర్ మొనతో నొక్కాను. బుస్సుమంది. కాసేపటికి ఆగిపోయింది. "గాలిలో కలిసిపోయిందిలే" అన్నారు నాన్న.

తెలుగులో ఆ మాటకి, ఇక లేదు అని అర్థం. ఈ గ్యాస్ అలా కాదు. దాని పేరు ఆర్-134ఎ. ఓజోన్ పొరని తినేస్తోందని 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత పాత ఆర్-12ని తప్పించి దీన్ని తెచ్చారు. ఇది ఓజోన్ జోలికి పోదు గానీ భూమిని వేడెక్కిస్తుంది. వందేళ్ళ లెక్కలో ఒక కిలో, 1300 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. అందుకే 2016లో కిగాలీలో దీన్నీ తగ్గించాలని దేశాలు ఒప్పుకున్నాయి. మా కారులో ఉన్నది సుమారు అరకిలో. అంటే 280 లీటర్ల పెట్రోలు తగలబెట్టినంత. మా ట్యాంకు లెక్కన ఎనిమిది ఫుల్ ట్యాంకులు, రెండు నిమిషాల్లో.

ఏ షెడ్డులో ఇచ్చినా వాళ్ళూ ఇదే చేసేవాళ్ళేమో. కానీ అప్పుడు నేను చూసేవాణ్ణి కాదు, అంతే తేడా. మెకానిక్‌కి డబ్బులిచ్చినప్పుడు పనితో పాటు తప్పు కూడా అప్పజెప్పేస్తాం. పని ఇంటికి తెచ్చుకుంటే అది కూడా వెంటే వస్తుంది.

ఒక్క కారుతో ఏమవుతుందిలే అని కూడా అనుకున్నాను. చెత్త పక్కింటి గోడ మీంచి విసిరితే ఆయన బయటికొచ్చి అరుస్తాడు. గాలికి గోడ లేదు కాబట్టి అరిచేవాళ్ళూ లేరు. అసలు ఏసీ చల్లదనాన్ని తయారుచెయ్యదు. లోపలి వేడిని తీసి బయట పడేస్తుంది. సిగ్నల్ దగ్గర ఆ బయట ఎవరున్నారో నాకు తెలుసు: బైక్ మీద, వీపున డెలివరీ బ్యాగ్‌తో ఒక కుర్రాడు. నా కళ్ళకి, చేతులకి రక్షణ పెట్టుకున్నాను. అతని సంగతి గుర్తే రాలేదు.

సాయంత్రానికి కంప్రెసర్ బిగించేశాం. కొత్త గ్యాస్ కోసం రెండు వీధుల అవతల వర్క్‌షాపుకి వెళ్ళాం. అక్కడో పెద్ద మిషన్. అది గ్యాస్ నింపడమే కాదు, పాతది బయటికి పోకుండా లోపలికి లాగి దాచిపెడుతుంది కూడా. పొద్దున ముందు ఇక్కడికొచ్చి, తర్వాత ఇంటికెళ్ళి బోల్టులు విప్పుకుంటే సరిపోయేది.

"పాత గ్యాస్ ఏం చేసిన్రన్నా?" అనడిగాడు కుర్రాడు, పైపులు తగిలిస్తూ.

నాన్న నా వైపు చూశారు. నేను బిల్లు వైపు చూశాను.